బెజవాడ నుంచి ప్రోగ్ మెటల్ కాన్సర్ట్‌కి: టికెట్ కొన్న రోజు నుంచి టీ-షర్టు ఉతికేదాకా

పోస్టర్‌లో ముంబై ఉంటుంది, బెంగళూరు ఉంటుంది, అదృష్టం బాగుంటే హైదరాబాద్ ఉంటుంది. విజయవాడ ఉండదు. గుంటూరు సంగతి అడగనే అక్కర్లేదు. ప్రోగ్ మెటల్ అంటే చిక్కు తాళాలతో, పొడవాటి పాటలతో సాగే బరువైన రాక్ సంగీతం. ఆ దారిలో నడిచే డ్రీమ్ థియేటర్, ఓపెత్, మెషుగ్గా లాంటి బ్యాండ్‌లంటే కళ్లు వెలిగే మనుషులు మన రెండు ఊళ్లలోనూ ఉన్నారు గానీ, అందర్నీ పోగేసినా ఒక కల్యాణ మండపం నిండదు. కాబట్టి కదలాల్సింది మనమే.

అదృష్టానికి బెజవాడ పెద్ద జంక్షన్. ఎటు పోవాలన్నా బండి దొరుకుతుంది. చాలామంది ప్రయాణం ఒక్కటీ చూసుకుని, అసలు పని మర్చిపోతారు. ప్రోగ్ మెటల్ షోకి వెళ్లడంలో సగం పని ఇంట్లోనే, చెవులతో అయిపోవాలి. ఆ సగం చేయకుండా వెళ్తే రెండు గంటలు పెద్ద చప్పుడు విని వస్తారు. చేసి వెళ్తే డబ్బులు వసూలవుతాయి.

ముందు ఊరు తేల్చుకోండి

ఒకే బ్యాండ్ రెండు మూడు ఊళ్లలో ఆడుతుంటే, దగ్గరని కాదు, తిరుగు ప్రయాణం చూసి ఊరు ఎంచుకోండి. హైదరాబాద్ మనకి 275 కిలోమీటర్లు. షో అయ్యాక అదే రాత్రి ఎల్బీనగర్ చేరుకుంటే విజయవాడ బస్సు ఏదో ఒకటి దొరుకుతుంది, తెల్లారేసరికి ఇంట్లో ఉంటారు. సెలవు పెట్టక్కర్లేదు. చెన్నైకి పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. బెంగళూరు అంటే రాత్రి ప్రయాణమే. గుంటూరు వాళ్లకి ప్రశాంతి ఉంది, వారంలో కొన్ని రోజులు కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఉంది. తెనాలి వైపు వాళ్లకి శేషాద్రి. పుణె, ముంబైలకి కోణార్క్ ఉంది గానీ అది ఓపికున్నవాళ్ల బండి. ముంబై షో అయితే గన్నవరం నుంచి విమానం రేటు కూడా ఒకసారి చూడండి. ముందుగా కొంటే థర్డ్ ఏసీకి మరీ దూరంగా ఉండని రోజులుంటాయి.

షో ఏ వారమో కూడా చూడాలి. శనివారం బెంగళూరు షో అంటే శుక్రవారం రాత్రి ఎక్కి, ఆదివారం రాత్రి తిరిగి ఎక్కి, సోమవారం పొద్దున్న నేరుగా ఆఫీసుకి పోవచ్చు. బుధవారం షో అయితే రెండు సెలవులు గల్లంతు.

మన దేశంలో పెద్ద షోలు ఎక్కువగా నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పడతాయి, వానలు తక్కువ, ఎండ తక్కువ కాబట్టి. మధ్యలో సంక్రాంతి ఉంది. పండక్కి ఊరొచ్చిన జనమంతా కనుమ దాటాక ఒక్కసారిగా హైదరాబాద్‌కీ, బెంగళూరుకీ తిరిగి పోతారు. షో ఆ వారంలో పడితే రైల్లో బెర్త్ మీద ఆశ పెట్టుకోకండి. పండగ బస్సుల రేట్లు షో టికెట్ రేటుని మించిపోవచ్చు.

టికెట్

బుక్‌మైషో యాప్‌లోనో, డిస్ట్రిక్ట్ యాప్‌లోనో అమ్ముతారు. అమ్మకం మొదలయ్యే ముందు రోజే యాప్‌లో లాగిన్ అయి, కార్డు వివరాలు సేవ్ చేసి పెట్టుకోండి. ఎర్లీ బర్డ్, ఫేజ్ వన్, ఫేజ్ టూ అని రేటు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. చూపించే రేటు మీద బుకింగ్ ఫీజూ, పన్నూ కలుస్తాయి, చివరి స్క్రీన్‌లో కనిపించేదే అసలు ధర.

జనరల్ టికెట్టా, ముందు వరసల ఫ్యాన్ పిట్టా అన్న చర్చ ప్రతి గ్రూపులోనూ నడుస్తుంది. నా మాట వినేట్టయితే ప్రోగ్ బ్యాండ్‌కి జనరలే కొనండి. ఎందుకో నిలబడే చోటు గురించి చెప్పేటప్పుడు చెబుతాను. గిటారిస్టు వేళ్లు దగ్గర్నుంచి చూడాలన్న పట్టుదల ఉంటే పిట్ కొనుక్కోండి, అది వేరే సరదా.

టికెట్ పేజీలో కింద చిన్న అక్షరాలు చదవండి. వయసు పరిమితి ఉంటుంది. బార్‌లో జరిగే షో అయితే కాలేజీ పిల్లల్ని గేటు దగ్గరే తిప్పి పంపేస్తారు. మనం రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదు. షోయే రద్దయితే టికెట్ డబ్బు వస్తుంది, రైలు డబ్బు ఎవరూ ఇవ్వరు. 2011 అక్టోబరు 28న గుర్గావ్‌లో మెటాలికా షో జనం మైదానానికి వచ్చాక ఆగిపోయింది. అదే బ్యాండ్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో బ్రహ్మాండంగా ఆడింది. అందుకని హోటల్ గది ఎప్పుడూ రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోండి.

తెలియనివాళ్ల దగ్గర టికెట్ స్క్రీన్‌షాట్ కొనకండి. ఒక క్యూఆర్ కోడ్ ఒకసారే స్కాన్ అవుతుంది. అదే స్క్రీన్‌షాట్ పదిమందికి అమ్మినవాడు ఉంటే, ముందు వెళ్లినవాడు లోపల, మిగతా తొమ్మిదిమంది గోడ బయట.

పెద్ద బ్యాండ్‌లు స్టేడియాలకే వస్తాయనుకోకండి. పోర్క్యుపైన్ ట్రీ 2009లో వచ్చింది ఐఐటీ బొంబాయి మూడ్ ఇండిగో ఫెస్టుకి. ఓపెత్ అదే ఏడు ఐఐటీ మద్రాస్‌లో ఆడింది. కాలేజీ ఫెస్టుల జాబితా మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. స్కైహార్బర్, ప్రాజెక్ట్ మిశ్రమ్, ఆగమ్ లాంటి మన దేశపు బ్యాండ్‌ల షోలైతే రేటు తక్కువ, జనం తక్కువ, సౌండ్ దగ్గరగా. మొదటిసారి వెళ్లేవాళ్లకి అలాంటి చిన్న షో మంచి తర్ఫీదు.

రైలు

కాన్సర్ట్ ప్రకటన మూడు నాలుగు నెలల ముందే వస్తుంది. రైలు రిజర్వేషన్ మాత్రం 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, ఇదివరకు 120 ఉండేది, 2024 నవంబరు నుంచి తగ్గించారు. ఈ మధ్యలో ఖాళీ ఉంటుంది కదా, అక్కడే జనం మర్చిపోతారు. టికెట్ కొన్న రోజే క్యాలెండర్‌లో 60 రోజుల లెక్క వేసి, పొద్దున్న 8 గంటలకి అలారం పెట్టుకోండి. తిరుగు ప్రయాణం తేదీ వేరు కాబట్టి దానికి ఇంకో అలారం.

వెయిటింగ్ లిస్టు ఆన్‌లైన్ టికెట్ చార్టు అయ్యాక కూడా అలాగే ఉంటే దానంతటదే రద్దయిపోతుంది, దాన్ని పట్టుకుని బండెక్కలేరు. ఆర్‌ఏసీ అయితే ఎక్కొచ్చు, సగం సీటు ఖాయం. తత్కాల్ ముందు రోజు ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి తెరుస్తారు. ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి, అది ఆ రోజు పొద్దున్న కాకుండా ముందే ఐఆర్‌సీటీసీలో చేసి పెట్టుకోండి.

ఇంట్లో చెప్పడం

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. “పాటలు వినడానికి బెంగళూరు దాకానా? ఫోన్లో వినొచ్చుగా?” అని అమ్మ అంటుంది. నాన్నగారు ఏమీ అనరు, పేపరు తిప్పుతారు, అది ఇంకా కష్టం. ఆ సమయంలో బ్యాండ్ గొప్పతనం చెప్పడం మొదలుపెట్టి, గొంతు చించుకునే పాట ఒకటి పెట్టి వినిపించారా, అయిపోయింది వ్యవహారం. మెత్తగా మొదలయ్యే పాట ఏదైనా పెట్టండి. ఓపెత్‌లో, డ్రీమ్ థియేటర్‌లో అలాంటివి కావలసినన్ని ఉన్నాయి.

ఎక్కడ ఉంటారో, ఎవరితో వెళ్తున్నారో, ఏ బండికి తిరిగొస్తారో అందరికీ కనిపించేలా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి. కేపీహెచ్‌బీలో పిన్నో, మారతహళ్లిలో బాబాయి కొడుకో లేని బెజవాడ ఇల్లు అరుదు. వాళ్లింట్లో దిగితే హోటల్ ఖర్చు మిగులుతుంది, ఇంట్లోవాళ్లకీ ధైర్యం. కాకపోతే రాత్రి పన్నెండున్నరకి తలుపు కొడతామని పిన్నికి ముందే చెప్పాలి. “భోజనం ఉంచొద్దు పిన్నీ” అని కూడా చెప్పండి, అయినా ఉంచుతుంది.

చెవుల హోంవర్క్

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

మామూలు రాక్ పాటకి చప్పట్లు ఎక్కడ పడాలో చెప్పక్కర్లేదు. ఒకటి రెండు మూడు నాలుగు, మళ్లీ ఒకటి. ప్రోగ్ మెటల్‌లో ఆ లెక్క ఉన్నట్టుండి ఏడుకో, ఐదుకో, తొమ్మిదికో మారిపోతుంది. పక్కన వాళ్లంతా సరిగ్గా ఒకే చోట తల ఊపుతుంటే మీ తల మాత్రం గాలిలో ఆగిపోతుంది. పాశ్చాత్యులు దీన్ని సెవెన్ ఎయిట్, ఫైవ్ ఫోర్ అని అంకెలతో నేర్చుకుంటారు. మనకి అంతకంటే సులువైన దారి ఉంది. జతులు, అంటే తాళం లెక్కని నోటితో పలికే ముక్కలు.

ఐదుకి ‘తక తకిట’ అనండి. రెండు, మూడు. ఇదే మన ఖండ చాపు. ఏడుకి ‘తకిట తకధిమి’, మూడు, నాలుగు, మిశ్ర చాపు. మెటల్ రిఫ్‌లలో (గిటార్ మీద మళ్లీ మళ్లీ తిరిగే ముక్కల్లో) ఏడు చాలాసార్లు తిరగబడి ‘తకధిమి తకిట’గా వస్తుంది, పొట్టి ముక్క చివర్లో పడుతుంది, అందుకే ఎవరో వెనక నుంచి తోసినట్టు ముందుకి ఉరుకుతుంది. తొమ్మిదికి ‘తకధిమి తకతకిట’. చిన్నప్పుడు సంగీతం క్లాసులో కూర్చోబెడితే పారిపోయినవాళ్లకి కూడా ఈ నాలుగు ముక్కలూ నోటికి రావడానికి ఒక సాయంత్రం చాలు.

పద్ధతి ఇలా. ఒక పాట తీసుకోండి. మొదటిసారి గిటార్‌ని పట్టించుకోకండి, స్నేర్ డ్రమ్ ఎక్కడ పడుతోందో ఒక్కటే వినండి. రెండోసారి అరచేత్తో తొడ మీద ఆ దెబ్బ వేయండి. మూడోసారి గిటార్ వాక్యం ఎక్కడ మొదలై మళ్లీ ఎక్కడ మొదటికి వస్తోందో చూసి, దాని మీద జతి పెట్టి చూడండి. ఐదు సరిపోకపోతే ఏడు, ఏడు సరిపోకపోతే తొమ్మిది. యూట్యూబ్‌లో వేగం 0.75కి తగ్గించుకోవడంలో నామోషీ ఏం లేదు. ఒకసారి జతి దొరికిందా, ఇక ఆ పాట ఎప్పుడు విన్నా చెయ్యి దానంతటదే తాళం వేస్తుంది.

మెషుగ్గా సంగతి వేరు. వాళ్ల పాటల్లో డ్రమ్మర్ చేతులు ఒక లెక్క, కాళ్లు ఇంకో లెక్క. చాలా పాటల్లో పైన సింబల్, స్నేర్ శుభ్రంగా నాలుగులో నడుస్తాయి. కింద గిటార్లూ, కాళ్లతో వాయించే బేస్ డ్రమ్మూ కలిసి వేరే పొడవున్న ముక్కని తిప్పుతూ ఉంటాయి. ఉదాహరణకి ఎనిమిది అక్షరాల (లెక్కల) బార్, అంటే ఒక తాళం చుట్టు మీద ఐదు అక్షరాల ముక్క పెట్టారనుకోండి. నాలుగు బార్లకి 32 అక్షరాలు. ఐదు చొప్పున ఆరుసార్లకి 30. మిగిలిన రెండిటి దగ్గర ముక్కని కత్తిరించి, మళ్లీ మొదటి నుంచి అందుకుంటారు. ఆది తాళంలో మృదంగం తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగం, విన్నవాళ్లకి ఇది పరిచయమే. విద్వాంసుడు ఐదులూ ఏడులూ పేర్చుకుంటూ పోయి, అందరూ ఊపిరి బిగబట్టాక సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి వచ్చి పడతాడు కదా, అదే ఆనందం ఇక్కడ గిటార్ గరగరతో ఉంటుంది. కాబట్టి మెషుగ్గాకి తల ఊపాల్సింది గిటార్‌తో కాదు, సింబల్‌తో. గిటార్‌తో ఊపితే మెడ పట్టేస్తుంది, హాస్యానికి అనడం లేదు.

తర్వాత ఆల్బమ్‌లు. మీకు బాగా నచ్చిన పాత ఆల్బమ్ ఒక్కటే అరగదీసి వెళ్లకండి. బ్యాండ్ టూర్‌కి వచ్చేది ఎక్కువగా కొత్త ఆల్బమ్ కోసం. ఓపెత్ 2011 నుంచి నాలుగు ఆల్బమ్‌లు గ్రౌల్ (గుర్రుమనే అరుపు) గొంతు లేకుండా చేసి, 2024 నవంబరులో వచ్చిన ఆల్బమ్‌లో మళ్లీ తెచ్చింది. డ్రీమ్ థియేటర్‌లో డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నాయ్ 2010లో వెళ్లిపోయి 2023లో తిరిగొచ్చాడు, అతనితో కొత్త ఆల్బమ్ 2025 ఫిబ్రవరిలో విడుదలైంది. ఈ కథలు తెలిస్తే స్టేజీ మీద ఏ పాటకి జనం ఎందుకు ఊగిపోతున్నారో తెలుస్తుంది. కొత్త ఆల్బమ్‌ని కనీసం కృష్ణా కరకట్ట మీద బండి నడక లాగా అలవాటయ్యేదాకా వినండి, ఏ మలుపు ఎప్పుడొస్తుందో తెలియాలి.

పాటల నిడివికి కూడా సిద్ధపడండి. డ్రీమ్ థియేటర్ 2002 ఆల్బమ్‌లో రెండో డిస్కంతా ఒకే రచన, 42 నిమిషాలు. అలాంటిది మొదలయ్యాక “ఇప్పుడే వస్తా” అని బాత్రూమ్‌కి పోతే సగం కథ పోయినట్టే.

సెట్‌లిస్ట్ డాట్ ఎఫ్ఎం వెబ్‌సైట్‌లో అంతకుముందు ఊళ్లలో ఏం ఆడారో దొరుకుతుంది. లైట్లు, తెర మీద బొమ్మలు పాటతో కలిపి ముందే అమర్చి ఉంటాయి కాబట్టి టూర్ అంతా దాదాపు అవే పాటలు. చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే చూడమనే అంటాను. థ్రిల్లర్‌కి కాదుగా వెళ్లేది, తెలిసిన పాట ఇంకాస్త తెలిసి వెళ్తే నష్టం లేదు.

చెవులకి రక్షణ

ఇది ఐచ్ఛికం కాదు. అమెరికాలో పనిచేసే చోట ఆరోగ్యం, భద్రత చూసే నయోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్ చప్పుడు రోజుకి 8 గంటలు తట్టుకోవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌కి సమయం సగమవుతుంది. 100 డెసిబెల్ దగ్గరకి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కాన్సర్ట్‌లకి పెట్టిన హద్దు కూడా సగటున 100. మెటల్ షో ఆ హద్దుని అలవోకగా దాటుతుంది. మీరు రెండు గంటలు నిలబడతారు. లెక్క మీరే వేసుకోండి.

దూది పెట్టుకుంటే లాభం లేదు. మందుల షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ చప్పుడు బాగా తగ్గిస్తాయి, కాకపోతే సింబల్సూ, గిటార్ పైస్వరాలూ మూసుకుపోయి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. సంగీతకారుల కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్స్ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి అన్ని స్వరాల్నీ ఇంచుమించు సమంగా తగ్గిస్తాయి. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తాయి. బ్యాండ్ టీ-షర్టు డబ్బులో సగం పెట్టినా మంచివి వస్తాయి.

ఫోమ్‌వే వాడేట్టయితే పెట్టుకునే తీరు తెలియాలి. చేతులు కడుక్కుని, ప్లగ్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి అగరొత్తి పుల్లంత సన్నగా చేయండి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి, చెవి పైకొసని పైకీ వెనక్కీ లాగండి, లోపలి దారి తిన్నగా అవుతుంది. అప్పుడు ప్లగ్ లోపలికి జారించి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టి ఉంచండి. మీ గొంతు మీకే బొంగురుగా, లోపలి నుంచి వినిపిస్తే సరిగ్గా కూర్చున్నట్టు. సగం బయటికి వేలాడుతుంటే పెట్టుకోనట్టే లెక్క. ఇది ఇంట్లోనే రెండుసార్లు చేసి చూసుకోండి, చీకట్లో జనం మధ్య నేర్చుకునే పని కాదు.

ఏం వేసుకోవాలి, ఏం తీసుకెళ్లాలి

నల్ల టీ-షర్టు. దీని గురించి చర్చ లేదు. బెసెంట్ రోడ్డులో కొన్న సాదా నల్లదైనా ఫరవాలేదు, ఎవరూ ఏమీ అనుకోరు. వేళ్లు కప్పే బూట్లు వేసుకోండి, కొత్తవి వద్దు. చెప్పులతో వెళ్తే ఎవరిదో బూటు మీ బొటనవేలి మీద పడ్డాక పాట వినబుద్ధి కాదు.

దూరం నుంచి వెళ్లేవాళ్లకి అసలు చిక్కు బ్యాగు. చాలా చోట్ల బ్యాగులు లోపలికి రానివ్వరు, నీళ్ల సీసా, పెర్ఫ్యూమ్, గొడుగు, లెన్స్ మార్చే కెమెరా వద్దంటారు, కొన్ని చోట్ల పవర్‌బ్యాంకు కూడా. రైలు దిగి నేరుగా మైదానానికి పోతే గేటు దగ్గర బ్యాగుతో బేరాలాడుకోవాలి. గది లేకపోతే రైల్వే స్టేషన్ క్లోక్ రూములో పెట్టండి. దానికి రైలు టికెట్, గుర్తింపు కార్డు కావాలి, బ్యాగుకి తాళం వేసి ఉండాలి. తాళం లేని బ్యాగు తీసుకోరు, కాబట్టి బెజవాడలోనే ఒక చిన్న తాళం కొని జేబులో వేసుకోండి.

జేబుల్లో ఉండాల్సినవి: ఫోన్, ఇయర్‌ప్లగ్స్, అసలు గుర్తింపు కార్డు, కొంచెం నగదు. వేలమంది ఒకే చోట చేరాక ఫోన్ సిగ్నల్ ఉన్నట్టే ఉంటుంది గానీ యూపీఐ తిరుగుతూనే ఉంటుంది. టికెట్ క్యూఆర్ కూడా గేటు దగ్గర తెరుద్దామనుకోకండి, గదిలో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి ఉంచండి.

షో రోజు

మధ్యాహ్నం కడుపు నిండా తినండి, కానీ ఆవకాయ అన్నం, నాటుకోడి పులుసు లాంటివి ఆ రోజు వద్దు, మర్నాటికి వాయిదా వేయండి. పెరుగన్నమో, ఇడ్లీలో చాలు. సాయంత్రం నాలుగు నుంచి పది దాకా నిలబడే పని. లోపల తిండి దొరుకుతుంది, రేటు చూస్తే ఆకలి పోతుంది.

బహిరంగ ప్రదేశంలో రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. రాష్ట్రాలు ఏడాదిలో కొద్ది రోజులే అర్ధరాత్రి దాకా సడలించగలవు. అందుకే మన దగ్గర మైదానం షోలు పెందలాడే మొదలై పదికల్లా ముగుస్తాయి. ఏడున్నరకి మెయిన్ బ్యాండ్ అంటే ఏడున్నరకే. ‘మనోళ్లు ఎప్పుడు టైముకి మొదలెట్టారులే’ అనుకుని తీరిగ్గా వెళ్తే, మొదటి పాట క్యూలో నిలబడి వినాలి. బెంగళూరు ట్రాఫిక్‌లో అయితే ఆ క్యూ దాకా కూడా రారు. మెట్రో ఉన్న దారి చూసుకోండి.

లోపలికి వెళ్లగానే చేసే మొదటి పని టీ-షర్టు కొనడం. ఎం, ఎల్ సైజులు ముందు అయిపోతాయి, షో అయ్యాక డబుల్ ఎక్స్ఎల్ మాత్రమే మిగులుతాయి. కొన్నదాన్ని వేసుకున్న టీ-షర్టు మీదే తొడిగేసుకోండి, చేతులు ఖాళీగా ఉంటాయి. తర్వాత బాత్రూములు, బయటికి పోయే దారులు, నీళ్లు ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి. స్నేహితులు విడిపోతే కలుసుకునే చోటు ఒకటి అనుకోండి, ఫోన్లు పనిచేయవు.

ఎక్కడ నిలబడాలి

స్టేజీకి ఎదురుగా, జనం మధ్యలో ఒక చిన్న గుడారం లాంటిది ఉంటుంది. సౌండ్ ఇంజనీర్ మిక్సింగ్ డెస్క్ అక్కడే. ఆయన తన చెవులకి బాగుండేలా సర్దుతాడు కాబట్టి ఆ గుడారానికి కాస్త ముందు, నడిమధ్యలో నిలబడితే మీకూ అదే వినిపిస్తుంది. మరీ ముందుకి పోతే పెద్ద స్పీకర్ల శబ్దం మీ తల మీదుగా, పక్కల నుంచి పోతుంది. స్టేజీ మీది డ్రమ్సూ, మీ వైపున్న గిటార్ ఆంప్లిఫయరే వినిపించి, గాయకుడి గొంతూ కీబోర్డూ ఎక్కడో మునిగిపోతాయి. మూడు నిమిషాల పంక్ పాటకి అది సరిపోతుందేమో గానీ, ఒక్కో వాయిద్యం ఒక్కో లెక్కలో నడిచే సంగీతానికి అన్నీ విడివిడిగా వినబడాలి. జనరల్ టికెట్ చాలని అందుకే అన్నాను. ఒక పక్క స్పీకర్ల ముందు మాత్రం ఎప్పుడూ నిలబడకండి, చెవులు పోతాయి, రెండో పక్క గిటార్ వినబడదు.

ప్రోగ్ జనం ఎక్కువగా నిలబడి, కళ్లు మూసుకుని, గాలిలో డ్రమ్స్ వాయించుకునే రకం. కానీ బరువైన రిఫ్ పడగానే మధ్యలో వలయం తెరుచుకుంటుంది, అందులో జనం ఒకరినొకరు తోసుకుంటూ ఎగురుతారు, అదే మాష్ పిట్. ఇష్టం లేకపోతే రెండడుగులు వెనక్కి వేయండి, ఎవరూ లాగరు. దిగితే మాత్రం ఒక నియమం ఉంది: ఎవరైనా కింద పడితే చుట్టూ ఉన్న నలుగురూ ఆగి లేపాలి. మోచేతులు పైకెత్తకూడదు. కళ్లజోడు ఉన్నవాళ్లు తాడు కట్టుకోండి లేదా దూరంగా ఉండండి. అమ్మాయిలు గుంపుగా, బారికేడ్ పక్కన నిలబడితే సెక్యూరిటీ దగ్గర్లో ఉంటారు. ఎవరైనా హద్దు మీరితే మొహమాట పడకుండా వాళ్లని పిలవండి.

ఫోన్‌లో ఒకటి రెండు ముక్కలు తీసుకుని జేబులో పెట్టేయండి. టూల్ లాంటి బ్యాండ్‌లు ఫోన్ తీస్తే బయటికి పంపిస్తామని ముందే చెబుతాయి. మీరు తీసే వీడియోలో వినిపించేది పక్కవాడి అరుపే. మధ్యలో నిశ్శబ్దంగా సాగే భాగాలు వస్తాయి, అప్పుడు కబుర్లు చెప్పకండి. మన పక్కన ఉన్నవాడు ఆ పది సెకన్ల కోసమే నాగ్‌పూర్ నుంచి వచ్చి ఉండొచ్చు.

బయటికి రావడం

చివరి పాట అయిపోయి లైట్లు వెలిగాక కంగారు పడకండి. అందరూ ఒకేసారి క్యాబ్ బుక్ చేస్తారు, రేటు మూడింతలు చూపిస్తుంది. ఒక కిలోమీటరు నడిచి పెద్ద రోడ్డు మీదికి వచ్చాక బుక్ చేయండి. పది దాటాక షో ముగిస్తే పదిముప్పావు రైలు అందదు, ఆ లెక్క బుకింగ్ రోజే వేసుకోవాలి. హైదరాబాద్ నుంచైతే ఎల్బీనగర్ దాకా మెట్రో అందుతుందో లేదో చివరి బండి టైము చూసుకోండి. బెంగళూరు నుంచి విజయవాడ రాత్రి బస్సులు చాలావరకు అప్పటికే బయల్దేరిపోయి ఉంటాయి. ఆ రాత్రికి మారతహళ్లి అన్నయ్యే దిక్కు.

మర్నాడు

చెవుల్లో సన్నగా హోరు ఉండొచ్చు. ఆ రోజంతా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకండి, ఎంత మనసు లాగినా సరే. రెండు రోజులైనా హోరు తగ్గకపోతే, లేదా ఒక చెవి మూసుకుపోయినట్టుంటే, ‘అదే పోతుందిలే’ అనుకోకుండా ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి, ఆలస్యం చేసేకొద్దీ వైద్యానికి లొంగదు. మెడ నొప్పికి వేడి నీళ్ల కాపడం పెట్టుకోండి.

కొత్త టీ-షర్టుని తిరగేసి, చన్నీళ్లలో విడిగా ఉతకండి. మన ఎండలో ఆరేస్తే నలుపు వెలిసిపోతుంది, నీడన ఆరేయండి. ఇస్త్రీకి ఇస్తే మాత్రం బొమ్మ మీద పెట్టె పెట్టొద్దని రెండుసార్లు చెప్పండి.